గుమ్మం ముందు మట్టి

మా చిట్టి రక్తంలో సీసం ఎక్కువగా ఉందని తెలిసిన రోజు మా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట "నా కూతురికా?" అని. కూతురికి ఏమవుతుందోనన్న భయం తర్వాత వచ్చింది. ముందు పరువు. ఊళ్లో మట్టికి పట్టిన సీసాన్ని వదిలించే మనిషి ఇంట్లోకి సీసం రావడమంటే, పోలీసాయన ఇంట్లో దొంగలు పడ్డట్టు అనిపించి ఉంటుంది.

మా ఆయన నేల వైద్యుడు. ఈ పేరు నేను పెట్టింది కాదు, పత్రికవాళ్లు పెట్టారు. పెట్టినవాళ్లు ఆ మర్నాడే మర్చిపోయారు గానీ, పెట్టించుకున్నాయన మాత్రం మర్చిపోలేదు. ఊరి చివర పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని యజమాని సంపాదించినంత సంపాదించి, మట్టిని మాకు వదిలేసి, చేతులు దులుపుకుని పోయాడు. ఆ మట్టిని బాగుచేసే పని మా ఆయన చేతికి వచ్చింది. అప్పటినుంచి ఆయన మనుషులతో మాట్లాడడం మానేసి ఉపన్యాసాలివ్వడం మొదలుపెట్టాడు. మట్టిని తవ్వి పెద్ద పెద్ద డ్రమ్ముల్లో కడిగి, సీసం అంటుకున్న సన్నటి బురదను వేరుచేసి పంపించేయడం ఒక పద్ధతట. ఎముకల పొడి కలిపి సీసాన్ని ఎటూ కదలకుండా కట్టిపడేయడం ఇంకొకటట. పొద్దుతిరుగుడు మొక్కలు వేసి వేళ్లతో లాగించడం మరొకటట. చివరిదానితో పని అయ్యేసరికి మన మనవలకు మనవలు పుడతారు, కానీ ఫొటోలకు బాగుంటుంది కాబట్టి ఆ పాత ఫ్యాక్టరీ సైటు గేటు పక్కన అవి కూడా వేయించాడు.

నేనేమో రక్తపరీక్షల ల్యాబులో రక్తం తీసే మనిషిని. ఫ్యాక్టరీ చుట్టుపక్కల పిల్లల కోసమని సీసం చూసే కొత్త యంత్రం ఒకటి మా ల్యాబుకు వచ్చింది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే ఏ కల్తీ లేని మంచి రక్తం కావాలి కదా అని, ఊరికి ఈ చివర, గాలి వెలుతురు బాగా ఉన్న ఇంట్లో పెరుగుతున్న మా ఐదేళ్ల చిట్టి వేలు నేనే గుచ్చాను. ఆ మంచి రక్తం చూసి యంత్రం ఎర్రదీపం వెలిగించింది.

"యంత్రం కొత్తది. సరిగ్గా సెట్ చేసి ఉండరు," అన్నాడు మా ఆయన.

"పెద్ద ల్యాబుకు కూడా పంపించానండీ. అక్కడా అదే చెప్పారు."

"రక్తం తీసే ముందు నువ్వు చేతులు కడుక్కున్నావా?"

చూశారా? సంవత్సరాల తరబడి ఊళ్లోవాళ్ల రక్తమంతా తీసినదాన్ని, నన్ను పట్టుకుని చేతులు కడుక్కున్నావా అని అడిగాడు. ఒళ్లు మండిపోయింది. మండినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే పిల్లల డాక్టరమ్మ చెప్పిన మాటలు చెవుల్లో గింగురుమంటున్నాయి. సీసం పిల్లల మెదడు మీద పడుతుంది, నేర్చుకునే శక్తి తగ్గిపోతుంది, పోయింది మళ్లీ తిరిగి రాదు అంది ఆవిడ. "మందు తర్వాత సంగతమ్మా. ముందు అది ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టి ఆపండి. మళ్లీ పెరిగితే మాత్రం ఆస్పత్రిలో చేర్చాలి," అంది. మా చిట్టి అప్పుడు అక్షరాలు నేర్చుకుంటోంది. ఒక అక్షరం మర్చిపోతే చాలు, నా గుండె జారిపోయేది.

కనిపెట్టే బాధ్యత నేల వైద్యుడు తీసుకున్నాడు. ఇంట్లో అంత గొప్ప వైద్యుణ్ని పెట్టుకుని వేరేవాళ్లను పిలిస్తే ఊరుకుంటాడా?

మర్నాడు సైటు నుంచి తుపాకీ తెచ్చాడు. నిజం తుపాకీ కాదు. దేనికైనా ఆనించి మీట నొక్కితే అందులో ఏ లోహం ఎంతుందో చూపించే యంత్రం, ఆకారం మాత్రం తుపాకీదే. అది చేతిలోకి వస్తే మా ఆయన నడకే మారిపోతుంది. క్లినిక్కులో నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే పరికరం చిట్టికి తెలుసు, అందుకని దీనికి జ్వరం తుపాకీ అని పేరు పెట్టింది. తండ్రి వెనకాలే తిరుగుతూ, బొటనవేలు నోట్లో పెట్టుకుని, "గోడకి జ్వరముందా నాన్నా? బీరువాకి ఉందా?" అని అడిగేది.

గోడకు లేదు, బీరువాకు లేదు, బొమ్మలకు లేదు, కుళాయికి లేదు. నా హ్యాండుబ్యాగు కూడా గుమ్మరించి అందులో ఉన్న ప్రతి వస్తువుకూ జ్వరం చూశాడు. ఆఖరికి మా అత్తగారి పాత ఇత్తడి గిన్నె దొరికింది. దానికి కాస్త ఉంది.

"ఇదిగో! ఇదీ సంగతి!" అని అరిచాడు.

"మా అమ్మ ఇచ్చిన గిన్నెరా అది," అని అత్తగారు గిన్నెను గుండెలకు హత్తుకుంది. "అందులో కాచిన పాలు తాగే కదరా నువ్వింతవాడివయ్యావు!"

"అందుకేనేమో," అన్నాను.

ఆయన నావైపు గుర్రుగా చూశాడు. గిన్నె అటకెక్కింది. చిట్టి పాలు ఎప్పుడూ స్టీలు గిన్నెలోనే కాస్తానని నేను చెప్పిన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

తర్వాత పెరడు చూశాడు, ఏమీ లేదు. ఇంటి ముందు చూశాడు. గుమ్మం మెట్టు ముందు, మేము చెప్పులు విడిచే చోట, మట్టికి ఆనించేసరికి అంకె గబగబా పైకి పోయింది. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటి ముందు విషం దొరికితే అంత సంతోషపడ్డవాణ్ని నేను ఆయన్నే చూశాను. పాపం, ఆయన తెలివికి తగ్గ శత్రువు దొరికాడు మరి.

"ఈ ఇల్లు కట్టకముందు ఇక్కడ ఎవడో బ్యాటరీ పారేసి ఉంటాడు," అని తేల్చేశాడు. "కంగారుపడకు. ఇది నా పని."

అప్పటినుంచి మా గుమ్మం ముందు చాప వెడల్పు మట్టికి జరిగినంత వైద్యం మహారాజులకు కూడా జరిగి ఉండదు. మొదట పొద్దుతిరుగుడు మొక్కలు వేశాడు. అవి ఏపుగా పెరిగి దారికి అడ్డంపడితే, మేము పక్కకు తిరిగి ఇంట్లోకి దూరేవాళ్లం. పత్రికవాళ్లు వచ్చి, మార్పు ఇంటి నుంచే మొదలు అని రాసి, పూల మధ్యలో నేల వైద్యుడి ఫొటో వేశారు. సీసం తగ్గలేదు. మొక్కలు పీకించి ఎముకల పొడి కలిపాడు. వీధిలో ఉన్న కుక్కలన్నీ పనులు మానుకుని వచ్చి, మా గుమ్మం ముందు గోతులు తవ్వాయి. అత్తగారు కర్ర పట్టుకుని రోజంతా కాపలా కాసింది. అదీ కాదని మోకాలి లోతు మట్టి తవ్వించి సైటుకు పంపి, ఎక్కడినుంచో శుభ్రమైన మట్టి తెప్పించి పోయించాడు. తుపాకీ పెట్టి చూస్తే సున్నాకు దగ్గరగా వచ్చింది. ఆ పూట మా ఆయన ఇంట్లో కాలు నేల మీద ఆనించి నడిస్తే ఒట్టు.

నెల తిరిగేలోపు ఆ కొత్త మట్టిలో అంకె మళ్లీ లేచింది.

ఏ మామూలు మనిషైనా అక్కడ ఆగి బుర్ర గోక్కుంటాడు. మా ఆయన మామూలు మనిషి కాదు కదా. "కిందినుంచి ఊరుతోంది!" అన్నాడు. "లోపల్లోపల ఎక్కడో పెద్ద నిల్వ ఉంది. తడికి పైకి వస్తోంది. ఇప్పటిదాకా ఎవరూ గమనించని విషయం ఇది. దీని మీద పరిశోధన పేపరు రాస్తాను." కూతురి ఒంట్లో విషం ఎక్కుతుంటే దానిమీద కూడా ఇంకో బిరుదుకు చోటు చూసుకుంటున్నాడే అనిపించింది. పైకి అనేశాను కూడా. రెండు రోజులు మాటల్లేవు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఇన్ని వైద్యాలు జరుగుతున్నా సాయంత్రం దర్బారు మాత్రం ఆగలేదు. అదొక రోజువారీ వైభవం. కారు ఆగుతుంది, నేల వైద్యుడు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి గుమ్మం లోపలి కుర్చీలో కూలబడి కాళ్లు చాపుతాడు. చిట్టి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి నేల మీద చతికిలబడి లేసులు విప్పుతుంది. ముడి బిగుసుకుంటే పళ్లతో లాగుతుంది. బూటు ఊడివస్తే వెనక్కి పడి కిలకిలా నవ్వుతుంది. ఆ తర్వాత ఆ బూట్లలో తన బుల్లి కాళ్లు పెట్టుకుని, "నేను నాన్నని! మట్టి ముట్టుకోకండి!" అంటూ ఇల్లంతా ఈడ్చుకు తిరుగుతుంది. "రాజుగారికి పాదసేవ అయిందా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. "కుళ్లుకోకు. అది నా కూతురు," అనేవాడు. ఆ వీడియో తీసుకుని ఆఫీసులో అందరికీ చూపించేవాడట.

రెండోసారి చిట్టి రక్తం తీశాను. అంకె ఇంకా పెరిగింది. డాక్టరమ్మ ఈసారి కళ్లజోడు తీసి మాట్లాడింది. "వచ్చే సోమవారం చేర్చేయండి. మందు పెడదాం. కానీ మందు పెట్టి మళ్లీ అదే ఇంటికి పంపితే లాభం లేదు. ఎక్కడినుంచో ఇంకా అందుతూనే ఉంది," అంది. ఆ రోజు నాకు భయమేసింది, ఊరికే మాటవరసకు అనే భయం కాదు. బిడ్డ నా కళ్లముందే ఆడుకుంటోంది, పాటలు పాడుతోంది, లోపల ఏదో అరిగిపోతోంది. ఎటునుంచి వస్తోందో తెలియని దాన్ని ఎలా అడ్డుకోను?

ఆ వారమే సైటులో పనిచేసేవాళ్ల పిల్లల్ని మా ల్యాబుకు తీసుకొచ్చారు. రోజంతా ఆ మట్టిలో మునిగి తేలేవాళ్ల పిల్లలు. ఒక్కొక్కరి వేలూ గుచ్చాను. ఒక్కొక్కరికీ పచ్చదీపం వెలిగింది. ఒక్కరికంటే ఒక్కరికి కూడా ఎర్రదీపం వెలగలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. కుళ్లుకున్నాను, అంతే. ఉన్నమాట చెబుతున్నాను.

పిల్లల వెంట వచ్చిన సైటు మేస్త్రీని అడిగాను. "అందరికీ బాగుంది. ఇంట్లో ఏం జాగ్రత్తలు తీసుకుంటారేంటి మీరు?"

"ఇంట్లో ఏం తీసుకుంటామమ్మా? అన్నీ అక్కడే చేయించేస్తారుగా సారు," అన్నాడు మేస్త్రీ విసుగ్గా. "పని అవగానే బట్టలక్కడే విడవాలి, బూట్లక్కడే విడవాలి, తలమీంచి నీళ్లు పోసుకోవాలి. గోళ్లు కూడా చూస్తారు. చలికాలంలో చచ్చిపోతున్నాం సార్ అంటే, చావండి గానీ దుమ్ముతో గేటు దాటకండి అంటారు. మీ ఆయన్ని అంటున్నానని ఏమీ అనుకోకండి. మావాళ్లు తిట్టుకోని రోజు లేదు."

"ఆయన కూడా అక్కడే కడుక్కుంటారా?"

మేస్త్రీ నవ్వాడు. "భలేవారే. సారు మా లైనులో ఎందుకు నిలబడతారమ్మా? ఆఫీసు గేటు వేరేగా ఉందిగా."

నా చేతిలో సూది అలాగే ఉండిపోయింది. కుర్చీ, చాపిన కాళ్లు, లేసు ముడి, పళ్లు. అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

పని ల్యాబులో నా పక్కన పనిచేసే ఆవిడకు అప్పగించి తిన్నగా సైటుకు పోయాను. మేస్త్రీ చెప్పినట్టే ఉంది. ఒక పక్క పొడుగాటి షెడ్డు, వరసగా కుళాయిలు, ప్రతి పనివాడికీ బూట్లు తగిలించే కొక్కెం. షెడ్డు మీద పెద్ద బోర్డు: "సైటు దుమ్ము సైటులోనే! ఇంటికి తీసుకెళ్తే మీ పిల్లలకు విషం తీసుకెళ్లినట్టే!" కింద మా ఆయన సంతకం, ఆ వంకర తోకతో సహా. రెండో పక్క ఆఫీసు గేటు. దానికి కుళాయి లేదు, కొక్కెం లేదు, ఓ చిన్న పూలకుండీ ఉంది.

మట్టిగుట్ట మీద మా ఆయన ఎవరో పెద్దమనుషులకు కర్రతో అటూ ఇటూ చూపిస్తున్నాడు. నన్ను చూసి గుట్ట దిగి వచ్చాడు. బూట్లకు చీలమండల దాకా బూడిదరంగు బురద.

"ఏంటిలా వచ్చావు?"

"మీ కొక్కెం ఎక్కడుందో చూద్దామని."

"నాకెందుకు కొక్కెం?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. "నేను మట్టి ముట్టుకోను కదా. చూస్తానంతే."

మట్టి ముట్టుకోడట. మట్టి మీద నడిచే కాళ్లు ఎవరివో మరి! ఇంత పెద్ద చదువు చదివి, సీసం కూడా మనిషి హోదా చూసి అంటుకుంటుందని అనుకున్నాడు. అక్కడే నాలుగు దులుపుదామనుకున్నాను. కానీ పెద్దమనుషుల ముందు అడిగితే ఉపన్యాసం వస్తుంది. ఇంట్లో అయితే తుపాకీ ఉంది. నోరు బిగబట్టుకుని వచ్చేశాను.

సాయంత్రం కారు ఆగింది. నేల వైద్యుడు వచ్చాడు, కూలబడ్డాడు, కాళ్లు చాపాడు. చిట్టి పరుగెత్తుకొచ్చింది. నేను దాన్ని నడుం దగ్గర పట్టుకుని పైకెత్తేశాను. "వదులమ్మా, నా డ్యూటీ!" అని గింజుకుంది.

తుపాకీ తీసి మా ఆయన ఒళ్లో పెట్టాను. "బూట్లకు చూడండి."

"ఏం మాట్లాడుతున్నావు?"

"అత్తయ్యగారి గిన్నెకు చూశారు, నా దువ్వెనకు చూశారు, పిల్ల పెన్సిళ్లకు చూశారు. ఈ ఇంట్లో మీరు జ్వరం చూడనిది ఇదొక్కటే. చూడండి."

నవ్వుతూనే వంగి బూటు అంచుకు ఆనించి నొక్కాడు. కాసేపు ఆగాక తెర మీద అంకె వచ్చింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్లు దానికి తోడు రాలేదు. మళ్లీ నొక్కాడు. "బ్యాటరీ దిగిపోయినట్టుంది," అని బ్యాటరీ మార్చాడు. మళ్లీ నొక్కాడు. అంకె ఇంకా పెరిగింది. లేసుకు చూశాడు. కుర్చీ కింద గచ్చుకు చూశాడు. గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పట్టాకు చూశాడు. ఆ ఇంట్లో ఎక్కడెక్కడ ఆయన కాలు పడుతుందో అక్కడల్లా జ్వరం ఉంది.

"కిందినుంచి ఊరుతోందన్నారే," అన్నాను. "పైనుంచి రాలింది. రోజూ, మీ కాళ్ల నుంచి. మీరే మట్టి మార్చడం, మీరే మళ్లీ విషం తెచ్చి పోయడం. దీని మీద రాయండి పేపరు."

"అయితే నా గిన్నె దింపరా," అంది అత్తగారు లోపలినుంచి.

ఆయన తుపాకీ కింద పెట్టాడు. నా చంకలో ఉన్న చిట్టివైపు చూశాడు. అది ఎప్పట్లాగే బొటనవేలు నోట్లో పెట్టుకుని, తండ్రి ఆట ఎప్పుడు అవుతుందా అని చూస్తోంది. ఆయన చెయ్యి చాపాడు, ఆ వేలు తీద్దామనుకున్నాడు కాబోలు. చాపిన చేతిని తనే చూసుకుని వెనక్కి తీసుకున్నాడు. లేచి బయటికి వెళ్లి గుమ్మం ముందు, ఆయన వైద్యం చేసిన ఆ మట్టి పక్కన నిలబడ్డాడు. అన్ని నెలలుగా కూడబెట్టుకున్న తిట్లు నా నాలుక చివర వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచి, చిట్టి చేతులు కడగడానికి లోపలికి తీసుకెళ్లాను.

మర్నాడు ఆయన ఆలస్యంగా వచ్చాడు. తల తడిగా ఉంది, బట్టలు వేరేవి, కాళ్లకు రబ్బరు చెప్పులు. లైనులో అందరికంటే చివర నిలబడ్డాడని, మేస్త్రీ ఆయన గోళ్లు చూసి మళ్లీ కడుక్కోమన్నాడని తర్వాత తెలిసింది. కారులోనూ ఆ దుమ్మేనని దాన్ని కూడా అక్కడే వదిలేసి పనివాళ్ల బస్సులో వచ్చాడు.

చిట్టి అప్పటికే కుర్చీ ముందు చతికిలబడి సిద్ధంగా ఉంది. సోమవారం ఆస్పత్రికి వెళ్లాలని పొద్దున్నే చెప్పాను. దానికి అదేమీ పట్టలేదు. తండ్రి కాళ్లవైపు చూసింది. బూట్లు లేవు. గుమ్మం బయటికి తొంగి చూసింది. అక్కడా లేవు.

"నాన్నా, బూట్లేవీ?"

"ఇంక ఇంటికి తేనమ్మా."

చిట్టి ఆయన మొహంలోకి చూసింది.

"నేను ముడి సరిగ్గా విప్పలేదా నాన్నా?"

ఊళ్లోవాళ్లందరికీ సమాధానం చెప్పే మనిషి నావైపు తిరిగాడు. నేనైనా ఏదో ఒకటి అంటానని చూశాడు.